తుడిచిన తర్వాత ఎవరూ నడవకూడదు

ఈ మధ్య మన పిల్లలు కొందరు స్టేజీ వెనక పనిలోకి వస్తున్నారు. లైటింగ్ చదువుతున్నామని, సెట్లు కట్టడం నేర్చుకుంటున్నామని, సలహా చెప్పమని నాకు మెయిళ్లు రాస్తారు. ఏ కోర్సు మంచిది, ఏ ఊళ్లో ఉద్యోగాలున్నాయి అని అడుగుతారు. వాటికి జవాబులు నాకన్నా ఇంటర్నెట్‌కే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది వేరే ఉంది.

2001 నుంచి 2015 దాకా నేను అమెరికా దక్షిణాన సవానా ఊళ్లో ఒక పాత థియేటర్‌లో పనిచేశాను. మొదట లైట్లు చూసేవాణ్ణి, తర్వాత స్టేజీ మేనేజర్‌నయ్యాను. భుజం పాడై నిచ్చెన ఎక్కలేని స్థితి వచ్చాక, నలభై ఎనిమిదో ఏట మానేశాను. వీడ్కోలు రోజున కాఫీ, కేకు పెట్టి నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. "ఆట అయ్యాక ప్రభాకర్ రాసిన రిపోర్టు చదివితే ఆ సాయంత్రం అక్కడ ఉన్నట్టే" అన్నారొకరు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కేకు ముక్క చేత్తో పట్టుకుని తల దించుకున్నాను. అది వినయం అనుకున్నారు.

నా రిపోర్టుల్లో ఒకటి అబద్ధం. దాని మూలంగా ఒక మంచి పనివాడు తన చేతులను తానే నమ్మలేని స్థితికి వచ్చాడు. ఆ సంగతి సరిచేయడానికే ఇది రాస్తున్నాను. పని గురించి రెండు మూడు విషయాలు ముందు చెప్తాను. అవి తెలియకపోతే నేను చేసిన తప్పు ఎంతటిదో అర్థం కాదు.

తాళ్ల థియేటర్

సవానాకి జనం పాత ఇళ్లు చూడటానికి వస్తారు. నాచు వేలాడే ఓక్ చెట్ల కింద తిరుగుతారు, నది ఒడ్డున తింటారు, సాయంత్రం దెయ్యాల టూర్ బస్సెక్కుతారు. ఇవేవీ నచ్చనివాళ్లు, వానకి తడిసినవాళ్లు, టికెట్ మిగిలిపోయినవాళ్లు మా దగ్గరికి వచ్చేవారు. సగం మందికి ఆ రోజు ఏం ఆడుతోందో కూడా తెలియదు. దీనికి బాధపడకండి. ప్రేక్షకులు మీ కోసం రారు. మీరు ఉన్నారని వాళ్లకి తెలిసిందంటే ఏదో తప్పు జరిగిందన్నమాట.

మా థియేటర్ పత్తి వ్యాపారం నాటిది. ఎర్ర ఇటుక గోడలు, బంగారు రంగు వేసిన బాల్కనీ. పక్క సందులోంచి పై బాల్కనీకి విడిగా ఒక ఇరుకు మెట్లదారి ఉండేది. నేను చేరేనాటికి దాన్ని మూసేశారు. ఒకప్పుడు నల్లవాళ్లు ఆ దారినే వచ్చి పైన కూర్చోవాలి. తెర తాళ్లు లాగే వెండెల్ నాకు చూపించాడు. "మా అమ్మ ఇటు నుంచే వచ్చేది. ఇప్పుడు నేను ముందు తలుపు తాళం తీస్తున్నాను" అన్నాడు. మరి ఆ మాట ఎత్తలేదు.

వెండెల్ గురించి చెప్పాలి. నేను చేరినప్పుడు అతనికి యాభై దాటాయి. పొడుగ్గా, కొంచెం వంగి ఉండేవాడు. కొత్త థియేటర్లలో తెరలు మోటారు మీద లేస్తాయి. మాది తాళ్ల థియేటర్. ప్రతి తెరా, ప్రతి సెట్టు ముక్కా తాడు మీద లేవాలి, బరువుకి బరువుగా ఇసుక సంచులు కట్టాలి. ఆ తాళ్లన్నీ పైన ఒక పక్క చెక్క వసారాలోకి వస్తాయి. అక్కడ వెండెల్ నిలబడతాడు. అక్కణ్ణుంచి అతనికి స్టేజీ నేల కనిపించదు, అడ్డంగా తెరలు ఉంటాయి. కింది నుంచి స్టేజీ మేనేజర్ హెడ్‌సెట్‌లో చెప్పే మాటే అతని కళ్లు.

నేను ఎలక్ట్రికల్ ఇంజినీర్‌ని. గుంటూరులో డిగ్రీ, ఇక్కడ ఎమ్మెస్. చదువుకునే రోజుల్లో క్యాంపస్ ఆడిటోరియంలో లైట్లు కట్టే పార్ట్‌టైమ్ పని దొరికింది. 2001లో నా మొదటి కాంట్రాక్ట్ పోయింది. ఆ ఏడు నాలాంటివాళ్లు వందల మంది. స్నేహితులు ఫ్రీమాంట్ నుంచి జెర్సీ సిటీ దాకా సోఫాల మీద పడుకుని ఉద్యోగాలు వెతుక్కుంటుంటే, నాకు సవానాలో థియేటర్ నడిపే ట్రస్ట్ వీసా స్పాన్సర్ చేస్తానంది. "డ్రామా కంపెనీలోకి పోతున్నావా?" అని అందరూ నవ్వారు. వెళ్లాను.

మొదటి రోజు వెండెల్ నా చేతికి తాడు ఇచ్చి ముడి వేయమన్నాడు. వేశాను. చూశాడు.

"ఎన్నేళ్లు చదివావు?"

"ఆరు."

"ఆరేళ్లలో ఒక్కరోజు కూడా ముడి చెప్పలేదా?" అని విప్పేసి మళ్లీ చేతికిచ్చాడు. ఆ రోజు నుంచి నేను అతనికి 'ఇంజినీర్'ని. పద్నాలుగేళ్లలో నా పేరు పెట్టి పిలిచింది ఒక్కసారే. అది చివర్లో చెప్తాను.

కాగితపు మంచు

చేరిన రెండో క్రిస్మస్‌కి పాటల కార్యక్రమం. చివర పై నుంచి కాగితపు మంచు కురవాలి. తొట్టిలో కాగితం ముక్కలు పోసి పైన ఊపుతారు. మొదటి ఆట అయ్యాక నేల మీది కాగితాన్ని ఊడ్చి, రెండో ఆటకి అదే మళ్లీ తొట్టిలో పోశాను. పారేయడం ఎందుకని. ఊడ్చినప్పుడు కాగితంతో పాటు ఒక మేకు కూడా వచ్చింది. రెండో ఆటలో అది ఒక గాయని నుదుటి మీద పడింది. నాలుగు కుట్లు.

ఎవరికీ తెలియదు. మేకు పాత చెక్కలోంచి ఊడిందేమో అనుకున్నారు. నేనూ అలాగే అనుకోనిద్దామనుకున్నాను. వెండెల్ తొట్టి దగ్గరికి వెళ్లి అడుగున చెయ్యి పెట్టి చూశాడు. కాగితంతో పాటు దుమ్ము, ఒక జడపిన్ను వచ్చాయి.

"ఊడ్చింది పోశావు."

నేను తలూపాను.

"పద. వాళ్లు అడగకముందే చెప్పాలి. అడిగాక చెప్తే దాన్ని చెప్పడం అనరు, దొరికిపోవడం అంటారు."

థియేటర్ నడిపే డైరెక్టర్ మిసెస్ హాలొరన్ గదికి తీసుకెళ్లాడు. తను తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆవిడ చాలా కఠినం, నవ్వగా ఎవరూ చూడలేదు. నేను చెప్పిందంతా విని, "ఆ అమ్మాయికి నువ్వే ఫోన్ చేసి చెప్పు. ఇకపైన మంచు ఒక్కసారే కురుస్తుంది" అంది. అంతే. నన్ను తీసేయలేదు. వీసా గురించి మాటే ఎత్తలేదు.

ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, నిజం చెప్తే ఆ భవనంలో ఏమవుతుందో నాకు తెలియదని మీరు అనుకోకూడదు. ఒకసారి చెప్పి చూశాను. బతికాను.

పలక

డ్యాన్స్ ఉన్న రోజున స్టేజీ మీద నల్లటి రబ్బరు లాంటి పట్టా పరుస్తారు. దాని మీద చివరి పని తుడవడం. కోలాలో నీళ్లు కలిపి తుడిచేవాడు వెండెల్. కొత్తవాళ్లు నవ్వుతారు గానీ, ఆ తీపికి నేల కొద్దిగా పట్టు ఇస్తుంది, కాలు జారదు. తుడిచాక స్టేజీ ఎడమ పక్కన గోడకి వేలాడే పలక మీద సుద్దతో తన పేరులో మొదటి అక్షరం, టైము రాస్తాడు. ఆ తర్వాత తెర లేచేదాకా ఆ నేల మీద ఎవరూ నడవకూడదు. డైరెక్టరైనా సరే చుట్టు తిరిగి రావాలి. ఎవరైనా నడిస్తే అక్షరం చెరిపేసి మళ్లీ తుడవాలి.

తెర ఎత్తే ముందు వెండెల్ పై నుంచి అడుగుతాడు: "ఫ్లోర్ క్లియర్?" స్టేజీ మేనేజర్ "క్లియర్" అంటే తాడు లాగుతాడు. ఆ ఒక్క మాట మీద డ్యాన్సర్ల కాళ్లు ఆధారపడి ఉంటాయి.

మా డ్యూటీలన్నీ కలిపి చూస్తే ఇదే అసలు ఉద్యోగం. మిగిలిందంతా కాగితాలు.

దీపం

2009లో ఊరి ఉత్సవాల వారంలో ఒక సాయంత్రం నాట్యాలకి ఇచ్చారు. అందులో మన పిల్లల కూచిపూడి పెట్టించింది నేనే. ఎనిమిదేళ్లుగా ఆ స్టేజీ మీద అందరి ఆటలూ ఆడించాను, మన ఆట ఒక్కసారీ లేదు. మిసెస్ హాలొరన్‌ని రెండు నెలలు బతిమాలాను. మన పిల్లలది మొదటి అంశం. రెండోది ఊరి బాలే స్కూలు నుంచి క్లెయిర్ అనే అమ్మాయి ఒంటరిగా చేసే నాట్యం. క్లెయిర్‌కి పంతొమ్మిదేళ్లు. ఆ శరదృతువులో ఉత్తరాదిలో ఒక పెద్ద బృందంలో చేరబోతోంది. ఊరంతా ఆ పిల్లని తమ పిల్ల అనుకునేవారు.

మనవాళ్ల తరఫున అన్నీ చూసింది సరోజిని ఆంటీ. తెలుగు సంఘంలో ఆవిడ మాటకి ఎదురు లేదు. తన గరాజ్‌లోనే పిల్లలకి డ్యాన్స్ నేర్పించేది. దీపం వెలిగించకుండా ప్రోగ్రాం మొదలుపెట్టడం కుదరదంది. నిప్పు కాబట్టి ఫైర్ మార్షల్ అనుమతి కావాలి. తెచ్చాను. షరతు ఒకటే: మూసిన తెర ముందు వెలిగించాలి, అక్కడే ఆర్పాలి, తెర వెనక్కి నిప్పు రాకూడదు.

ఏడింటికి ఆట. ఆరూ నలభైకి వెండెల్ తుడిచి, పలక మీద రాసి పైకెక్కాడు. దీపం వెలిగించాల్సిన ముఖ్య అతిథి, అట్లాంటా నుంచి వచ్చే డాక్టర్ గారు, ట్రాఫిక్‌లో చిక్కుకున్నారు. ఆయన వచ్చేసరికి ఏడూ ఇరవై అయింది. మోకాలెత్తు ఇత్తడి కుంది, అయిదు వత్తులు, అంచుదాకా నువ్వుల నూనె. ఆయనొక వత్తి, ఆయన భార్య ఒక వత్తి, సంఘం ప్రెసిడెంటు గారొక వత్తి, ప్రతిదానికీ ఒక ఫొటో. హాలు చప్పట్లు కొట్టింది. అతిథులు కిందికి దిగారు. తెర ముందు నేనూ, ఆంటీ, దీపమూ మిగిలాం. నేను దండలోంచి ఒక చామంతి తెంపాను.

"బాబూ, ఏం చేస్తున్నావు?"

"పువ్వుతో కొండెక్కిస్తాను ఆంటీ. ఇక్కడే ఆర్పాలి, రూలు."

"ఏం రూలయ్యా! పిల్లలింకా ఒక్క అడుగు వెయ్యలేదు. అప్పుడే దీపం ఆర్పేస్తావా? నీ కూతురు ఆడుతుంటే ఇలాగే చేస్తావా?"

"మార్షల్ ఒప్పుకోడు ఆంటీ."

"ఆయనకెవడు చెప్తాడు? గ్రీన్‌రూమ్‌లో నటరాజస్వామి పక్కన పెట్టు. నేను కూర్చుంటాను దగ్గర. ఎన్నాళ్లకి మన పిల్లలకి ఛాన్స్ వచ్చింది, శుభమా అని మొదలుపెడుతుంటే..." ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

స్టేజీ మేనేజర్‌గా కుదరదనాల్సిన చోట, ఇంటి కుర్రాడిలా సరేనన్నాను. గ్రీన్‌రూమ్ స్టేజీకి వెనక ఉంటుంది. చుట్టు తిరిగి వెళ్లాలంటే వెలిగే దీపంతో జనం మధ్యలోంచి నడవాలి, అందరూ చూస్తారు. అడ్డంగా వెళ్తే ఇరవై అడుగులు. తెర సందులోంచి దూరి, తుడిచిన నేల మీదుగా నడిచాను. మంట మొహం మీదికి వస్తుంటే కుందిని కొంచెం అవతలికి వంచాను. వేలి మీద వెచ్చగా ఒక చుక్క పడింది.

దీపం పెట్టి వెనక్కి వచ్చి టార్చి వేశాను. మూడు నాలుగు చుక్కలు కనబడ్డాయి. జేబురుమాలుతో తుడిచాను. నూనెని పొడిగుడ్డతో తుడిస్తే పోదు, పరుచుకుంటుంది. వంటింట్లో అడుగుపెట్టిన ప్రతి ఒక్కరికీ తెలుసు. నాకూ తెలుసు.

హెడ్‌సెట్‌లో వెండెల్ గొంతు. "ఇంజినీర్, మీ దేవుడికి దండం పెట్టుకోవడం అయిందా? నా చేతులు తిమ్మిరెక్కుతున్నాయి. ఫ్లోర్ క్లియర్?"

పలక నాకు మూరెడు దూరంలో ఉంది. అక్షరం చెరిపి, "మళ్లీ తుడవాలి, దిగు" అంటే పది నిమిషాలు. ఇప్పటికే అరగంట ఆలస్యం. ఎందుకు నడిచావంటే దీపం సంగతి చెప్పాలి.

"క్లియర్" అన్నాను.

పిల్లలు బాగా ఆడారు. ఉత్త కాళ్లకి నేల పట్టు దొరుకుతుంది, ఎవరూ పడలేదు. దిగి వస్తూ ఒక పదేళ్ల పాప నా దగ్గర ఆగి, "అంకుల్, మిడిల్‌లో స్లిప్పరీగా ఉంది" అంది. నాకు మరో అవకాశం అలా నడిచి వచ్చింది. "ఓకే నాన్నా, యూ డిడ్ గ్రేట్, వెళ్లు" అన్నాను. లైట్లు మారడానికి మూడు నిమిషాలే ఉంది. క్లెయిర్ అప్పటికే చీకట్లో తన చోట నిలబడింది.

మూడో గెంతుకి పడింది. ఆ చప్పుడు గురించి రాయను. తెర దించమన్నాను. నేను దగ్గరికి వెళ్లి కూర్చునేసరికి ఆ పిల్ల ఏడవడం లేదు, తన పాదం వైపే చూస్తోంది. అది ఉండాల్సిన వైపు లేదు. పట్టు బూటు అడుగున సన్నగా మెరుస్తోంది. నువ్వుల నూనె వాసన. ఆ స్టేజీ మీద ఆ వాసన ఏమిటో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

రిపోర్టు

ఆ రాత్రి సునీతకి, అంటే నా భార్యకి, అంతా చెప్పాను. మా గ్రీన్ కార్డ్ ఫైలు మిసెస్ హాలొరన్ సంతకం మీద నడుస్తోంది. అప్పట్లో ఉద్యోగం పోతే ఆ రోజు నుంచే స్టేటస్ పోయినట్టు. పాప ఒకటో తరగతి. సునీత లేచి పాప పడుకున్న గది తలుపు దగ్గరికి వేసింది. చివరికి "ఎవరైనా చూశారా?" అంది. ఆ ప్రశ్నకి ఆమెను నేను తప్పుపట్టను. నేనూ అప్పటికి నన్ను అదే అడుగుతున్నాను.

పొద్దున్నే ఆంటీ ఫోన్. "బాబూ, ఆ అమ్మాయికి ఎలా ఉంది?"

"చీలమండ విరిగింది. ఆపరేషన్ చేశారు."

"అయ్యో. మనది కాదుగా? మన దీపం..." ఆగింది. "చూడు నాన్నా, నాకు తెలీకే అడుగుతున్నా. మన పిల్లల పేరు బయటికొస్తే ఈ ఊళ్లో మళ్లీ మనకి స్టేజీ ఇస్తారా? నువ్వే ఎలాగోలా చూడు." పెట్టేసింది. పాపం, ఆవిడకి ఏమీ తెలియకూడదనే ఉంది.

ఇన్సూరెన్స్ మనిషి వచ్చాడు. నేల మీద జిడ్డు ఉందని తేల్చాడు. వెండెల్ సామాను గదిలో, ముందు హాలు చెక్కకి వాడే పాలిష్ సీసా, కోలా సీసాల పక్కనే ఉంది. తుడిచే నీళ్లలో పాలిష్ కలిసిందనుకోవడానికి అతనికి అది చాలు. మిసెస్ హాలొరన్ నన్ను పిలిచింది.

"దీపం ఎక్కడ ఆర్పారు?"

"తెర ముందే" అన్నాను.

"తుడిచాక ఎవరైనా నడిచారా?"

"లేదు."

"అయితే రాసివ్వు."

రాశాను. "స్టేజీ 6:40కి వెండెల్ తుడిచాడు. ఆ తర్వాత తెర లేచేవరకు ఎవరూ నడవలేదు. దీపం తెర ముందే ఆర్పడమైనది." మూడు వాక్యాలు. చేతిరాత నీటుగా వచ్చింది.

వెండెల్‌ని అడిగినప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను. మొదట "పాలిష్ నేను ముట్టుకోలేదు" అన్నాడు. రెండోసారి అడిగితే "ముట్టుకున్నట్టు గుర్తు లేదు" అన్నాడు. మూడోసారి నా వైపు చూశాడు. నేను సాయం చేస్తానని కాదు. ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు చూశాడు. తర్వాత "ఆ అమ్మాయికి చాలా సారీ అని చెప్పండి" అన్నాడు.

ఆ గదిలో అంతవరకూ నాకు భయమే ఉంది. ఆ మాట విన్నాక భయం పోయి ఇంకేదో వచ్చింది. అది ఇంతవరకూ వెళ్లలేదు.

అతన్ని ముందుగా రిటైర్ చేశారు. మా థియేటర్‌లో ఒక ఆచారం ఉంది. మానేసే ప్రతి స్టేజీ పనివాడి పేరూ వెనక ఇటుక గోడ మీద తెల్లరంగుతో రాస్తారు. వంద ఏళ్ల పేర్లు ఉన్నాయి అక్కడ. వెండెల్ పేరు రాయలేదు. ఎవరూ రాయమని అడగలేదు. అడగాల్సిన మొదటివాణ్ణి నేనే.

2012లో మాకు గ్రీన్ కార్డ్ వచ్చింది. ఇంట్లో పాయసం చేసుకున్నాం. అప్పటి నుంచి నాకు భయం అన్న సాకు కూడా లేదు. అయినా మూడేళ్లు పనికి వెళ్లి, రోజూ ఆ గోడ ముందు నిలబడి, "క్లియర్" అన్నాను. ఈ మూడేళ్లకి నా దగ్గర ఏ సంజాయిషీ లేదు. వెతికాను.

వెండెల్ ఇంట్లో

2015లో మానేసిన వారానికి వెండెల్ ఇంటికి వెళ్లాను. ఊరికి పడమట, రైలు పట్టాల దగ్గర చిన్న ఇల్లు. అతని భార్య పోయి ఏడాది దాటింది. మనిషి బాగా చిక్కాడు. నన్ను చూసి సంతోషపడ్డాడు.

"ఇంజినీర్! భుజం ఎలా ఉంది? ముడి సరిగ్గా వేసుంటే నీకీ పాట్లు వచ్చేవి కావు."

టీ పెట్టాడు. స్టవ్ ఆపి కూర్చున్నాడు. లేచి వెళ్లి స్టవ్ చూసొచ్చాడు. రెండు నిమిషాలకి మళ్లీ లేచాడు. వీధి తలుపు గడియ పట్టుకుని లాగి చూశాడు.

"అలవాటైపోయింది. నా చేతుల్ని నమ్మను ఇప్పుడు. కార్ కూడా అమ్మేశాను" అన్నాడు. ఎవరి సంగతో చెప్తున్నట్టు మామూలుగా అన్నాడు.

నేను చెప్పాను. దీపం, అడ్డదారి, జేబురుమాలు, పాప అన్న మాట, రిపోర్టు. వరసగా చెప్పాను. అతను మధ్యలో ఆపలేదు. అంతా అయ్యాక ఒక్కటే అడిగాడు.

"నీకు ఎప్పుడు తెలుసు?"

"ఆ సాయంత్రమే. తెర లేవకముందే."

చాలాసేపు తన చేతులు చూసుకున్నాడు. అరచేతుల్లో తాళ్ల కాయలు ఇంకా ఉన్నాయి.

"నేను పాలిష్ ముట్టుకోలేదని నాకు తెలుసు. మొదటిసారి అడిగినప్పుడు ఖాయంగా తెలుసు. కానీ నువ్వు క్లియర్ అన్నావు. ఈ మనిషి మేకు సంగతి వాళ్లు అడగకముందే చెప్పినవాడు, ఫ్లోర్ గురించి అబద్ధం చెప్పడు అనుకున్నాను. నువ్వు నిజమైతే తప్పు నా దగ్గరే ఉండాలి కదా? ఎక్కడ చేశానో వెతుక్కున్నాను. వెతగ్గా వెతగ్గా దొరికింది. పాలిష్ సీసా మూత తిప్పినట్టు గుర్తొచ్చింది. ఇప్పటికీ గుర్తుంది నాకు. నా వేళ్లకి ఆ మూత తెలుస్తోంది. జరగనిదాన్ని నేను గుర్తుపెట్టుకున్నాను."

"వెండెల్..."

"ప్రతి ఆదివారం చర్చిలో ఆ పిల్ల పేరు చెప్పి క్షమించమని అడిగాను. నా భార్య పక్కన కూర్చుని నాతో పాటు అడిగింది. ఆమె అలాగే పోయింది. నేను చేశాననుకునే పోయింది." లేచి నిలబడ్డాడు. "క్షమించమని అడగడానికి వచ్చావా?"

"అవును."

"నా దగ్గర లేదు. ఉంటే ఇచ్చేవాణ్ణి. నాకు చెప్పి ఏం లాభం? నువ్వు రాసింది కాగితం మీద. అక్కడికే పోయి రాయి, ప్రభాకర్."

తలుపు తీసి పట్టుకున్నాడు. నేను మెట్లు దిగుతుంటే వెనక గడియ పడింది. కాసేపాగి దాన్ని లాగి చూసుకున్న చప్పుడు వినిపించింది.

రాయాల్సిన చోట

క్లెయిర్‌కి ఉత్తరం రాశాను. ఆ పిల్ల రెండు ఆపరేషన్ల తర్వాత నడుస్తోంది, నాట్యం మాత్రం మళ్లీ చేయలేదని విన్నాను. జవాబు రాలేదు. రావాలనుకునే హక్కు నాకు లేదు.

ట్రస్ట్‌కి రాశాను. మిసెస్ హాలొరన్ అప్పటికే వెళ్లిపోయింది. కొత్త డైరెక్టర్ మర్యాదగా జవాబిచ్చాడు. పాత రిపోర్టులు ఆఫీసు మారినప్పుడు తీసేశారట, సరిదిద్దడానికి కాగితమే లేదట. వెండెల్ పేరు గోడ మీద రాయమని అడిగితే, వీడ్కోలు ఇచ్చి పంపినవాళ్ల జాబితాలో లేని పేరు రాయడం కష్టమన్నాడు. పోనీ నా పేరు చెరిపేయమన్నాను. నేను నిరాడంబరుణ్ణని మెచ్చుకున్నాడు. నా పేరు ఇంకా అక్కడే ఉంది.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకి నా సలహా చిన్నది. మనవాళ్లు వచ్చిన రోజున ఎక్కువ జాగ్రత్తగా ఉండండి. పరాయివాళ్లకి కుదరదని చెప్పడం తేలిక. ఆంటీకి చెప్పడమే ఉద్యోగం. చెప్పలేకపోయారా, కనీసం పలక మీద అక్షరం చెరిపేయండి. పది నిమిషాలు ఆలస్యమైతే ఎవరూ చచ్చిపోరు.

రాయడానికి కాగితం లేదన్నారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఆ సాయంత్రపు రిపోర్టు ఇది:

స్టేజీ 6:40కి వెండెల్ తుడిచాడు. సరిగ్గా తుడిచాడు. ఆ తర్వాత స్టేజీ మేనేజర్ ప్రభాకర్ వెలుగుతున్న దీపంతో దాని మీద అడ్డంగా నడిచాడు. నూనె పడింది. అతను చూశాడు. ఫ్లోర్ క్లియర్ కాదు.